మూడో చరణం

సిమియోనా పాట ఎత్తుకోబోతుండగా గుమ్మంలో ఆమె అత్త తియోఫిలా వచ్చి నిలబడిందని చెప్పి పోయినవారం ఆగాను. అక్కణ్ణించి ముందుకు వెళ్ళేలోపు, ఈ కథలోకి ఇప్పుడే అడుగుపెట్టినవాళ్ళ కోసం నాలుగు మాటలు.

సిమియోనా మొగుడు ఎవారిస్తో రెండేళ్ళ కిందట శంఖాల కోసం పడవ వేసుకుని సముద్రం మీదికి వెళ్ళాడు. పడవ బోర్లాపడి దొరికింది. మనిషి దొరకలేదు. ఆ వెళ్ళిన పొద్దున అతని చొక్కా మోచేతి దగ్గర చిరిగి ఉంటే, సిమియోనా తన పసుపు లంగా అంచు చింపి, పడవ అంచు మీదే కూర్చుని అతుకు వేసింది. అప్పుడు తియోఫిలా ఊళ్ళో లేదు. కర్రపెండలం రొట్టెలు అమ్ముకోవడానికి ముందురోజే దాంగ్రిగా పట్నం వెళ్ళింది.

ఈ బెలీజ్ తీరాన ఉండే మా గరిఫునా జనంలో మనిషి పోతే తొమ్మిది రాత్రులు జాగారం చేసి సాగనంపుతాం. అది జరిగేదాకా పోయినవాడు పోయినట్టు కాదు, పెళ్ళాం విధవా కాదు. ఎవారిస్తోకి జాగారం చేద్దామని ఊరంతా అడిగితే తియోఫిలా ఒక్కటే మాట అంది. "నా కొడుకుని చూపించండి, చేస్తాను." ఆ రోజు నుంచీ మూడుపూటలా అతని కంచం పెడుతూనే ఉంది. సిమియోనా ఆ కంచానికి ఎదురుగా కూర్చుని తింటూనే ఉంది.

అలా ఉండగా మొన్న వర్షాకాలంలో తెల్లవారుజామున సిమియోనాకి నిద్రలో ఒక పాట వచ్చింది. నిద్రలో వచ్చే పాట పోయినవాళ్ళు ఇచ్చే పాట. మా అమ్మమ్మలకి వాళ్ళ అమ్మమ్మలు చెప్పిన సంగతి ఇది. ఆ పాట ఊరిముందు పాడితే, ఎవారిస్తో పోయాడని ఎవరూ చెప్పక్కర్లేదు. అతనే చెప్పుకున్నట్టు. ఆపైన జాగారాన్ని ఆపడం తియోఫిలా వల్ల కూడా కాదు.

ఆ పాడే రోజు వచ్చింది. నవంబరు పండుగ.

*

పొద్దున్నే పడవలు వచ్చాయి. పూర్వం తమ ద్వీపం నుంచి తరిమేస్తే మావాళ్ళు ఈ ఒడ్డుకి చేరిన రోజుని ఏటా అలాగే చేసి చూపిస్తాం. కొబ్బరాకులు, కర్రపెండలం మొక్కలు, డోళ్ళు వేసుకుని పడవలు నీళ్ళలోంచి వస్తాయి. ఒడ్డున మేము పాడుతూ ఎదురెళ్తాం. పడవలో వచ్చేవాళ్ళని చేతులు పట్టుకుని దింపుకుంటాం. తియోఫిలా ఈ రెండేళ్ళలో పండుగనాడు ఆ ఒడ్డుకి రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నానికి అందరం సమావేశపు ఇంట్లోకి చేరాం. తాటాకు కప్పు కింద తాళ్ళు కట్టి పిల్లల బొమ్మలు వేలాడదీశారు. ఎక్కువ భాగం పడవలే. ఒకదాంట్లో సముద్రం ఎర్రగా ఉంది. ఆ పిల్లకి నీలం రంగు అయిపోయిందట. ఒక మూల ఇసబెలో తాత తన డోళ్ళు పేర్చుకుని కూర్చున్నాడు. మా ఊళ్ళో మాను తొలిచి, జింక తోలు బిగించి డోలు కట్టడం తెలిసిన ఆఖరి మనిషి ఆయన. బెలీజ్ సిటీ నుంచి వచ్చిన పెద్దమనుషులు వంగి ఆ డోళ్ళని వేళ్ళతో తడుతున్నారు.

"అలా గోకితే పలకదయ్యా, అదేమన్నా పిల్లికూనా?" అన్నాడు తాత.

"నువ్వు కొట్టి చూపించు మరి," అన్నాడు వాళ్ళల్లో ఒకతను.

"ఊరికే కొట్టను. తాగడానికి ఏదన్నా పెట్టు, అప్పుడు అదే పలుకుతుంది."

మా పాటల వరసకి పెద్ద ప్రిమితివా పిన్ని అక్కణ్ణించే కేకేసింది. "ఇచ్చారంటే సాయంత్రానికి డోలు పలుకుతుంది గానీ తాత పలకడు. జాగ్రత్త!"

అందరూ నవ్వారు. బడి పంతులు తను రాసిన కవిత చదివాడు. ఆఫ్రికా తీరాన ఓడ ఎక్కించబడిన ఒక తల్లి, ఆ ఓడ బద్దలై ఈత కొట్టుకుంటూ ద్వీపం చేరడం, ఎవరి చేతికీ బానిసగా చిక్కకపోవడం. కవిత బాగుంది.  నా పక్కన కూర్చున్న ముసలావిడ కళ్ళు తుడుచుకుంటూ, "మా నాయనమ్మ ఇంత పొడుగు చెప్పలేదు. ఈదాం, బతికాం అనేది అంతే," అంది.

ఆ తరవాత మా వంతు.

మా ఆడవాళ్ళ వరసపాటకి డోలు ఉండదు. అందరం ఒక వరసగా నిలబడి, పక్కమనిషి చిటికెనవేలికి మన చిటికెనవేలు తగిలించి, చేతులు ముందుకీ వెనక్కీ ఊపుతూ పాడతాం. పాట తెచ్చినామె మధ్యలో నిలబడుతుంది. సిమియోనాకి ఎడమపక్కన ప్రిమితివా పిన్ని, కుడిపక్కన నేను. సిమియోనా మొహం ఎదురుగా ఉన్నవాళ్ళకి కనబడుతుంది. నాకు ఆమె వేలు తెలుస్తుంది. ఆ వేలు చల్లగా, నూతిలోంచి తీసినట్టుంది.

వారం ముందు సాధన చేసేటప్పుడే ప్రిమితివా పిన్ని ఒక మాట అంది. "మన పాటకి మూడు చరణాలుండాలి. నీకు ఒకటే వచ్చింది. ఇది కాలు విరిగిన బల్లలాగ ఉంది. అయినా ఇచ్చినవాడు అంతవరకే ఇస్తే మనమేం చేస్తాం, పాడదాం." ఇంకోమాట కూడా అంది. "దీని నడక వింతగా ఉందే. రెండు పొట్టి, ఒకటి పొడుగు. ఎక్కడో విన్న నడక."

నాక్కూడా ఎక్కడో విన్నట్టే ఉంది. ఎక్కడో తెలియలేదు.

తియోఫిలా గుమ్మంలో కనబడింది అప్పుడే. తలకి నల్లగుడ్డ కట్టుకుంది. కాళ్ళకి చెప్పులు లేవు. మోకాళ్ళ దాకా చేలో మట్టి. చేలోంచి నేరుగా వచ్చినట్టుంది. పిల్లల బొమ్మల కిందనుంచి వంగకుండానే లోపలికి నడిచింది. కాగితాలు ఆమె తలకి తగిలి ఊగాయి. మొదటి వరసలో ఖాళీ లేకపోతే ఇసబెలో తాత లేచి తన పీట ఇచ్చాడు. ఆమె కూర్చోలేదు.

"పాడు," అంది కోడలితో. "వీధిలో పిల్లలు కూనిరాగం తీస్తుంటే విన్నాను. నువ్వు తెచ్చిన పాటంటగా. నేనూ వింటాను."

సిమియోనా వేలు నా వేలిని బిగించింది. అయినా గొంతు ఎత్తింది.

*అమ్మా, మబ్బు పట్టింది, నా చాప ఎండలోనే ఉంది.*
*చుట్టి లోపల పెట్టు, నేనొచ్చి పరుచుకుంటాను.*
*అమ్మా, కొబ్బరి తురమకు, చేప ఇంకా నీళ్ళలోనే ఉంది.*
*పొయ్యి ఆర్పకు, నేనొచ్చి ఊదుకుంటాను.*

మేమందరం అందుకున్నాం. మళ్ళీ పాడాం. మా చేతులు ఊగుతున్నాయి. రెండు పొట్టి, ఒకటి పొడుగు. మూడోసారి పాడి, పాట అక్కడే తెగిపోతుంది కాబట్టి ఆగాం. జనం లోపల ఎవరో ముక్కు చీదారు. ఎవారిస్తో పొయ్యి ఊదేవాడు. పొగ కళ్ళలో పడి తిట్టుకుంటూ ఊదేవాడు. ఊరందరికీ తెలుసు.

అప్పుడు తియోఫిలా గొంతు వచ్చింది.

పెద్దగా కాదు. ఎదురుగా ఎవరూ లేనట్టు, తనకోసం పాడుకుంటున్నట్టు.

*అమ్మా, తడిసి వచ్చాను, తుడవడానికి నీ తలగుడ్డ చాలదు.*
*ఇసుక చల్లగా ఉంది, నీ చేతులు ఇంకా చల్లగా ఉన్నాయి.*
*అమ్మా, చొక్కా విప్పు, మోచేతి మీద పసుపు అతుకు మాత్రం విప్పకు.*
*కుట్టిన చెయ్యి వెతుక్కుంటూ వస్తుంది, దానికి ఆనవాలు ఉండనీ.*

 ఒక్కసారిగా ఏడుపు లేచింది. ఒక్కళ్ళది కాదు. వెనకవరసల్లోంచి, కిటికీల బయటనుంచి. సిమియోనా రెండు చేతులూ మా వేళ్ళలోంచి లాక్కుని మొహం కప్పుకుంది.

ప్రిమితివా పిన్ని చేతులు పైకెత్తింది. "సగం పెళ్ళానికిచ్చాడు, సగం తల్లికిచ్చాడు! విన్నారా? ఒక్కళ్ళకే ఇస్తే నమ్మరని ఇద్దరికీ పంచాడు. ఇంకేం కావాలి తియోఫిలా? నీ కొడుకు వచ్చి అడుగుతున్నాడు. సాగనంపమని అడుగుతున్నాడు!"

ఇసబెలో తాత చెయ్యి తనకి తెలియకుండానే పెద్దడోలు మీద పడింది. ఒక్క దెబ్బ. జాగారం మొదలయ్యేటప్పుడు కొట్టే దెబ్బ అది.

"చెయ్యి తియ్యి, ఇసబెలో," అంది తియోఫిలా.

తాత చెయ్యి తీశాడు.

"నాకెవరూ ఇవ్వలేదు. ఆ పాట నేను కట్టాను."

ఎవరికీ అర్థం కాలేదు. ఏడుస్తున్నవాళ్ళు ఏడుస్తూనే ఉన్నారు. ఆమె మళ్ళీ చెప్పింది, ఈసారి గట్టిగా.

"వాడు ఇచ్చింది కాదు. మొదటిదీ రెండోదీ రెండూ నావే. తెల్లారగట్ట కర్రపెండలం తురుముకుంటూ కట్టాను. రోజూ తురుముకుంటూ పాడుకుంటాను. ఈ పిల్ల గోడకి అవతల పడుకుంటుంది. అది చెక్క గోడ, వేలు దూరే సందులున్నాయి. నిద్రలో విని కల అనుకుంది. అంతే."

అప్పుడు నాకు తెలిసింది ఆ నడక ఎక్కడ విన్నానో. తురుముబల్ల మీద దుంపని రెండుసార్లు పొట్టిగా తోసి, ఒకసారి పొడుగ్గా లాగుతాం. మా ఊళ్ళో ఆడపిల్లలందరి చేతులకీ తెలిసిన నడక. మా చేతులు గుర్తుపట్టాయి, మేమే పట్టలేదు.

"ఆమె చెప్పేది నిజమేనేమో," అన్నాను నేను. ఎప్పుడూ మాట్లాడని దాన్ని మాట్లాడేసరికి అందరూ నావైపు చూశారు. నేను తలవంచుకున్నాను.

ప్రిమితివా పిన్ని నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "అయితే ఏంటంటావు? వాడు బతికున్నాడంటావా?"

"పోయినట్టు ఆనవాలు లేదంటాను. ఈ పాట ఆనవాలు కాదు. తల్లి భయపడుతుంది. భయపడి ఏదో కట్టుకుంటుంది. నా భయానికి మీరు డోలు కొట్టడానికి వీల్లేదు."

"భయపడేదానివి రోజూ వాడికి కంచమెందుకు పెడతావే? రెండేళ్ళుగా ఊరంతా నువ్వు రాయివని చెప్పుకున్నాం. గుండె లేదన్నాం. రోజూ పొద్దున్నే ఏడుపుపాట పాడుకుంటూ, పగలు కంచం పెట్టి మమ్మల్ని ఆడించావా?"

తియోఫిలా ఇసబెలో తాత ఇచ్చిన పీట వైపు చూసి, ఇప్పుడు దానిమీద కూర్చుంది. కూర్చున్నాక చిన్నదైపోయింది. మట్టి కాళ్ళు దగ్గరికి ముడుచుకుంది.

"జాగారం చేస్తే ఈ పిల్ల వెళ్ళిపోతుంది," అంది.

పీట అంచు పట్టుకుని మళ్ళీ అంది.

"వాళ్ళ అమ్మ వస్తుంది. బట్టలు మూట కట్టుకుంటుంది. వెళ్ళిపోతుంది. వెళ్ళాలి కూడా. వయసులో ఉన్నది, ఇంకో ఇల్లు చూసుకోవద్దూ? అప్పుడు నేను ఎవరికోసం తురమను? నా మొగుడు పోయాడు. కూతురు పుట్టిన నెలకే పోయింది. వీడు... మిగిలింది ఈ పిల్ల. ఇది పొద్దున్నే లేచి, 'అత్తా, ఉప్పెక్కువైంది' అని మూతి ముడుస్తుంది. ఆ మాట కోసం కంచం పెట్టాను. వాడి కోసం కాదు. మీరు రాయన్నారు. అనండి. ఇంట్లో ఒక మనిషి అలికిడి ఉందని రాయినయ్యాను."

వెనకాల ఎవరో "అయ్యో తల్లీ" అన్నారు. ప్రిమితివా పిన్ని నడుం మీది చెయ్యి జారిపోయింది. పెద్దనోరు ఆవిడది. కానీ ఆ క్షణంలో తలగుడ్డ మాత్రం సర్దుకుంది. సిటీ నుంచి వచ్చిన ఒకతను కెమెరా ఎత్తబోతే ఇసబెలో తాత దాని మీద తన టోపీ పెట్టాడు.

సిమియోనా నడిచి వెళ్ళి అత్త ముందు నేలమీద కూర్చుంది. మట్టి కాళ్ళు తన ఒళ్ళోకి తీసుకుంది.

"ఎంత పిచ్చిదానివత్తా. నేనెక్కడికి పోతాను?"

"పోవాలి."

"పోయినా మళ్ళీ వస్తాను. నీ ఉప్పు నేను తప్ప ఇంకెవరు తింటారు? ఊళ్ళో కుక్కలు కూడా తినవు."

ఏడుస్తూనే కొందరు నవ్వారు. తియోఫిలా కూడా నవ్వింది, మొహం అటు తిప్పుకుని. సిమియోనా తన చిటికెనవేలు ఆమె చిటికెనవేలికి తగిలించింది. మేము వరసలో తగిలించుకున్నట్టే. నేను అనుకున్నాను, ఇక అయిపోయింది. జాగారం జరగదు. ఈ ఇద్దరూ ఇలాగే ఆ కంచానికి అటొకరు ఇటొకరు కూర్చుని ముసలివాళ్ళయిపోతారు. అందులో కూడా ఒక రకం సుఖం ఉందేమోనని నాకనిపించింది. ప్రిమితివా పిన్ని నా చెవిలో, "పోనీలే, బతికినవాళ్ళే ముఖ్యం," అంది. వరస మళ్ళీ కూడుకుంటోంది. పండుగ కదా, ఇంకో పాట పాడాలి.

సిమియోనా కూర్చున్నచోటే రెండో చరణం నెమ్మదిగా అనుకుంటోంది. పాట కట్టినామె ఎదురుగా ఉంది కాబట్టి నేర్చుకుంటోంది అనుకున్నాం. అత్త వేలిని ఊపుతూ, రెండు పొట్టి, ఒకటి పొడుగు. తడిసి వచ్చాను. ఇసుక చల్లగా ఉంది. చొక్కా విప్పు.

మోచేతి మీద.

ఊగుతున్న చెయ్యి ఆగింది.

మా పాటల్లో అందం కోసం ఏదీ పెట్టరు. చూసిందే పెడతారు. మబ్బు అంటే ఆ రోజు మబ్బుంది. చాప అంటే ఆ చాప ఎక్కడ ఉందో ఇల్లు చూపించి చెప్పగలరు. చూడనిది పెడితే పాట నిలవదు. ప్రిమితివా పిన్ని మాకు నేర్పే మొదటి సంగతి అదే. ఈ పాట ఎవారిస్తోది అనుకున్నంతసేపూ ఆ పసుపు అతుకు ఎవరికీ అడ్డం రాలేదు. అతని చొక్కా అతనికి తెలుసు.

"అత్తా," అంది సిమియోనా. గొంతు మామూలుగానే ఉంది. అందుకే నాకు భయమేసింది. "ఆ పొద్దున నువ్వు దాంగ్రిగాలో ఉన్నావు."

తియోఫిలా నేలవైపు చూసింది.

"ముందురోజే వెళ్ళావు. రొట్టెల బుట్ట నేనే నీ తలకెత్తాను. వాడి చొక్కా ఆ పొద్దున చిరిగింది, పడవ కొక్కేనికి తగిలి. నేను పడవ మీద కూర్చుని అతుకేశాను. నా లంగా అంచుతో. ఆ తరవాత ఆ లంగా నీకు చూపించలేదు. చింపానని తిడతావని పొయ్యిలో పెట్టేశాను. ఆ అతుకు సంగతి ఇదిగో, లూసీనాకి తప్ప ఎవరికీ చెప్పలేదు."

లూసీనా అంటే నేనే. నేను చెప్పలేదు. సిమియోనా నావైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆమెకి తెలుసు నేను చెప్పనని. అయినా ఒకసారి చూసి నిర్ధారణ చేసుకుంది.

"పసుపు అని నీకెలా తెలిసిందత్తా?"

పిల్లల బొమ్మలు గాలికి ఊగుతున్నాయి. ఎర్ర సముద్రం ఉన్న కాగితం తాడు చుట్టూ తిరిగి మళ్ళీ మామూలుగా నిలబడింది. తియోఫిలా తన మట్టి కాళ్ళు కోడలి ఒళ్ళోంచి మెల్లిగా వెనక్కి తీసుకుంది.

"నువ్వు వాణ్ణి చూశావు," అంది సిమియోనా.

తియోఫిలా పీట మీదనుంచి లేచింది. జనం దారి ఇచ్చారు. ఆమె ఎవరినీ చూడకుండా బయటికి నడిచింది. సిమియోనా వెనకాలే నడిచింది. ప్రిమితివా పిన్ని నా మోచెయ్యి పట్టుకుని, "నువ్వు పో. దాని పక్కన ఉండు. మేం దూరంగా వస్తాం," అంది.

*

ఎండ వాలుతోంది. తియోఫిలా ఒడ్డు వెంబడి ఉత్తరం వైపు నడిచింది. పొద్దున వచ్చిన పడవలు ఇసుక మీదికి లాగి ఉన్నాయి. వాటిలో కొబ్బరాకులు అప్పుడే వాడిపోతున్నాయి. ఊరు దాటాక ఒడ్డుని ఆనుకుని ఆమె కర్రపెండలం చేను ఉంది. దాంగ్రిగా నుంచి ఒడ్డు మీద నడిచి వచ్చేవాళ్ళకి ఊరికంటే ముందు తగిలేది ఆ చేనే.

ఆ చేను సంగతి వెనకటి వారాల్లో చెప్పాను, కొత్తవాళ్ళ కోసం మళ్ళీ చెప్తాను. సముద్రం వైపున్న చివరి వరసని తియోఫిలా రెండేళ్ళుగా తవ్వనివ్వలేదు. మిగతా చేనంతా తవ్వి, నాటి, మళ్ళీ తవ్వింది. ఆ వరస మాత్రం మనిషి ఎత్తు దాటి పెరిగి, కాండాలు చెట్లలా ముదిరిపోయాయి. అంతకాలం నేలలో ఉంటే దుంప కట్టె అయిపోతుంది, కత్తికి కూడా లొంగదు. ఊళ్ళో ఆడవాళ్ళు వేళాకోళం చేసేవాళ్ళు. "కొడుకొచ్చాక తవ్వుతుందట, ఆ దుంపతో పడవ చేసుకోవాల్సిందే." సిమియోనా ఒకసారి పార పట్టుకుని వెళ్తే తియోఫిలా చెంపమీద కొట్టింది. జీవితంలో ఆ ఒక్కసారే.

ఇప్పుడు తియోఫిలా వెళ్ళి ఆ వరస ముందు నిలబడింది. ఆమె కాళ్ళకున్న మట్టి ఎక్కడిదో అప్పుడు చూశాను. ఆ వరస మొదట్లో కలుపు ఒక్క పోచ లేదు. నేల చేత్తో మెత్తగా చదును చేసి ఉంది, పక్క పరిచినట్టు.

సిమియోనా చూసింది. నేలనీ, ఆకుల్నీ, అత్త చేతుల్నీ ఒకదాని తరవాత ఒకటి చూసింది. తరవాత మోకాళ్ళ మీద కూలబడింది. ఏడవలేదు. అరచెయ్యి ఆ మట్టి మీద పరిచింది. జ్వరం చూసేటప్పుడు నుదుటి మీద పెడతామే, అలాగ.

"ఇక్కడేనా?"

"ఇక్కడే."

"ఒక్కదానివే?"

"ఒక్కదాన్నే. దాంగ్రిగా నుంచి నడిచి వస్తుంటే ఇక్కడే ఒడ్డున కనబడ్డాడు. బుట్ట తిరగేసి దానితో తోడాను. ఇసుక నేల కదా, మెత్తగానే వచ్చింది." తియోఫిలా గొంతులో ఎత్తూ పల్లమూ లేవు. "చొక్కా విప్పాను. అతుకు విప్పలేదు. మళ్ళీ తొడిగి పడుకోబెట్టాను. నువ్వు కుట్టావని కుట్టు చూడగానే తెలిసింది. నీ దారం ఎప్పుడూ ముడి దగ్గర రెండుసార్లు తిరుగుతుంది."

నేను కొంచెం దూరంగా నిలబడ్డాను. వెనకాల ఒడ్డు మీద ఆడవాళ్ళు ఆగిపోయారు. తెల్ల పండుగ బట్టల్లో దూరానికి కొంగల గుంపులా ఉన్నారు. ఎవరూ పాడటం లేదు. అలలు మాత్రం వచ్చి పోతున్నాయి.

"రెండేళ్ళు," అంది సిమియోనా. మట్టితోనే మాట్లాడుతున్నట్టు తలవంచుకుని. "నేను రోజూ ఈ దారినే నీళ్ళకి వెళ్ళాను. ఈ చేలో దుంప రోజూ తిన్నాను. జాగారం లేకుండా, ఒక్క పాట లేకుండా వాణ్ణిలా పడుకోబెట్టి... సాగనంపకపోతే పోయినవాళ్ళు దారి దొరక్క తిరుగుతారని నువ్వే కదా నాకు చెప్పావు? నీ కొడుకే కదా. వాడికి ఆకలేస్తుందని కూడా అనిపించలేదా నీకు?"

"రోజూ పొద్దున వస్తాను. తురుముకున్న మొదటి పిడికెడు ఇక్కడే పెడతాను. పాట వినిపిస్తాను."

"నేను వెళ్ళిపోతానని. అంత మాత్రానికి."

"అందుకే అని అక్కడ చెప్పాను," అంది తియోఫిలా. "ఊరిముందు అంతవరకే చెప్పగలిగాను. అదీ నిజమే. అబద్ధం కాదు. కానీ అది మొదటి కారణం కాదు."

సిమియోనా తలెత్తింది.

తియోఫిలా కోడలి పక్కన కూర్చోబోయి, కూర్చోలేక, ఆ ముదిరిన కాండం ఒకటి పట్టుకుని నిలబడింది. కర్రపెండలం ఆకులు ఆమె తలమీద కదిలాయి. తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంది. ఇంకా తుడుస్తూనే మాట్లాడింది, ఆ గుడ్డలోకి.

"ప్రిమితివా మూడు చరణాలుండాలి అంది కదా. ఉంది. మూడోది ఉంది. నేను కట్టాను గానీ నోటికి తేలేదు. తురుముతూ తురుముతూ అక్కడికి వచ్చేసరికి చెయ్యి ఆపేసేదాన్ని. నీకు గోడవతల వినబడకూడదని."

"ఏముంది అందులో?"

"చూసిందే పెడతాం కదా పాటలో." తియోఫిలా గుడ్డ తీసింది. రెండేళ్ళలో మొదటిసారి కోడలి కళ్ళలోకి సూటిగా చూసింది. "ఒడ్డున పడి ఉన్నప్పుడు వాడికి ఊపిరుంది, సిమియోనా. మాట కూడా ఉంది. నా ఒళ్ళో తలపెట్టుకుని, నీకు చెప్పమని ఒక మాట చెప్పి పోయాడు."